రోమ్‌లో దిగిన రోజే కొలోసియం పెట్టుకోవచ్చా? మొదటిసారి వచ్చే జంటకి నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి హైదరాబాద్ నుంచి దోహా మీదుగా రోమ్‌లో దిగుతారు. మీకూ మీవారికీ యూరప్ ఇదే మొదటిసారి. దిగిన రోజు సాయంత్రం నాలుగింటికి కొలోసియం, ఆదివారం వాటికన్ మ్యూజియం, సోమవారం బోర్గేసే గ్యాలరీ (శిల్పాలు, చిత్రాలు ఉన్న మ్యూజియం), మంగళవారం పొద్దున్నే ఫ్లోరెన్స్ రైలు. హోటల్ టెర్మినీ స్టేషన్ పక్కన. మీరు శాకాహారి. ఆయనకి చరిత్ర అంటే ప్రాణం, మీకు వీధులు పట్టుకుని తిరగడం ఇష్టం. ఈ ప్లాన్ ఇలాగే ఉంచొచ్చా, మార్చాలా?

మార్చాలి. టికెట్లు ఇంకా కొనలేదన్నారు కాబట్టి ఇప్పుడే మార్చేయండి. శనివారం ఏ టికెట్టూ పెట్టుకోకండి. ఆదివారం ఉదయం కొలోసియం, సోమవారం ఉదయం వాటికన్, మంగళవారం ఉదయం బోర్గేసే, సాయంత్రం రైలు. రోజుకి ముందే టికెట్ కొనాల్సిన చోటు ఒక్కటే, అదీ పొద్దున. మిగతా టైమంతా కాలినడకకి, మధ్యాహ్నం నిద్రకి వదిలేయండి.

నేను టెర్మినీ దగ్గరే ఒక హోటల్ రిసెప్షన్‌లో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. మనవాళ్ళు దిగితే డ్యూటీలో ఎవరున్నా నన్నే పిలుస్తారు. పొద్దున ఉత్సాహంగా బయల్దేరిన జంటలు సాయంత్రం ఎలా తిరిగొస్తాయో రోజూ చూస్తుంటాను. ఆ అనుభవంతోనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు మీ ప్లాన్‌లో అసలు చిక్కు చెప్తాను. వాటికన్ మ్యూజియం ఆదివారాలు మూసేస్తారు. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, అదీ మధ్యాహ్నం దాకానే. ఆ రోజు క్యూ గోడ వెంబడి ఎంత దూరం సాగుతుందో చూస్తే ఉచితం మాట మర్చిపోతారు. బోర్గేసే గ్యాలరీకి సోమవారం సెలవు. అంటే మీరు రాసుకున్న మూడు రోజుల్లో రెండు రోజులు మూసిన తలుపుల ముందు నిలబడాల్సి వచ్చేది. ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు. గుంటూరు నుంచి వచ్చిన ఒక జంటకి వాళ్ళ ఏజెంటు టైపు చేసిచ్చిన ప్లాన్‌లోనే ఆదివారం వాటికన్ అని ఉంది. ఆ ఆదివారం పక్కనున్న సెయింట్ పీటర్స్ చర్చి చూసుకుని వచ్చారు కానీ, మ్యూజియం లోపలున్న సిస్టీన్ చాపెల్ చూడకుండానే విమానం ఎక్కారు. ఏ ఊరికి వెళ్ళినా ముందు సెలవు రోజులు చూసుకుని, ఆ తర్వాతే ఏ రోజు ఏది అన్నది రాసుకోండి.

ఇక శనివారం. ఒంటిగంటన్నరకి విమానం దిగితే ఒంటిగంటన్నరకి ఊళ్ళో ఉన్నట్టు కాదు. పాస్‌పోర్ట్ క్యూ ఉంటుంది. బయటి దేశాల వాళ్ళ రాకపోకలు నమోదు చేసే కొత్త పద్ధతి వచ్చాక మొదటిసారి వచ్చేవాళ్ళకి అక్కడ ఇంకాస్త టైమ్ పడుతోంది. తర్వాత సామాను. ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్ట్ నుంచి టెర్మినీకి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ అనే రైలు నేరుగా వస్తుంది. ప్రయాణం 32 నిమిషాలు, మనిషికి 14 యూరోలు. టాక్సీకి పాత కోటగోడ లోపలి ప్రాంతానికి ఫిక్స్‌డ్ రేటు ఉంది, ఇప్పుడు 55 యూరోలు. అది కారు మొత్తానికి, సామానుతో కలిపి. మీ హోటల్ ఆ గోడ లోపలే ఉంటుంది. ఇద్దరికి, అదీ స్టేషన్ పక్క హోటలైతే, రైలే మేలు. టాక్సీయే కావాలంటే తెల్ల కార్లు నిలిచే స్టాండ్‌లోనే ఎక్కండి, లోపల హాల్లో 'టాక్సీ, టాక్సీ' అంటూ వెంటపడేవాళ్ళ జోలికి పోకండి. అన్నీ సవ్యంగా జరిగితే మూడున్నరకి హోటల్లో ఉంటారు. సామాను ఆలస్యమైతే ఐదు దాటుతుంది. కొలోసియం టికెట్ మీద టైమ్ ముద్రించి ఉంటుంది, ఆ టైమ్ దాటితే డబ్బు వెనక్కి రాదు.

డబ్బు సంగతి అలా ఉంచండి, ఒళ్ళు కూడా సహకరించదు. మేలో మనకీ రోమ్‌కీ మూడున్నర గంటల తేడా. ఇక్కడ సాయంత్రం ఏడంటే మీ ఒంటికి రాత్రి పదిన్నర, పైగా రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చిన ఒళ్ళు. ఆ స్థితిలో కొలోసియం లోపల నిలబెడితే ఎంత చరిత్ర పిచ్చి ఉన్నవాళ్ళైనా రాళ్ళ వంక చూసి 'సరే, ఇంకేంటి' అంటారు.

కానీ ఇదే తేడా మర్నాడు మీకు వరమవుతుంది. మన వైపు నుంచి వచ్చినవాళ్ళకి మొదటి రెండు మూడు రోజులు తెల్లవారుజామున నాలుగింటికీ ఐదింటికీ మెలకువ వచ్చేస్తుంది. చాలామంది ఫోన్ చూస్తూ, మళ్ళీ నిద్ర పట్టలేదే అని బాధపడుతూ, బ్రేక్‌ఫాస్ట్ హాలు తెరిచేదాకా గదిలోనే ఉండిపోతారు. మీరు మాత్రం లేచి బయటికి నడవండి. అమెరికా నుంచి వచ్చేవాళ్ళు పొద్దున లేవలేక అవస్థ పడే ఈ ఊళ్ళో ఆ రెండు గంటలూ దాదాపు మీవే. నా ప్లాన్ అంతా దీని మీదే కట్టాను.

శనివారం: చెకిన్, స్నానం, నడక, త్వరగా నిద్ర. చెకిన్ దగ్గర ఇద్దరి పాస్‌పోర్టులూ అడుగుతాం. అతిథుల వివరాలు పోలీసులకి పంపడం ఇక్కడ చట్టం. పెళ్ళయ్యాక కూడా పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉంది, ఇబ్బంది అవుతుందా అని మన ఆడపిల్లలు తరచూ అడుగుతారు. ఏ ఇబ్బందీ లేదు, ఇక్కడ ఆడవాళ్ళు పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోరు. గది అద్దె ముందే కట్టేసినా సిటీ టాక్స్ విడిగా కట్టాలి, త్రీ స్టార్ అయితే మనిషికి రాత్రికి 6 యూరోలు. ఇది మేం వేసేది కాదు, నగరపాలక సంస్థది. బుకింగ్ కాగితంలో అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

స్నానం చేశాక మంచం మీద నడుం వాల్చకండి, వాలిస్తే రాత్రి పదకొండుకి లేస్తారు. నేరుగా శాంతా మరియా మజ్జోరే చర్చికి నడవండి, స్టేషన్ నుంచి పది నిమిషాలు. లోపల ఐదో శతాబ్దపు మొజాయిక్ బొమ్మలున్నాయి. 2025లో కన్నుమూసిన పోప్ ఫ్రాన్సిస్‌ని ఖననం చేసింది ఇక్కడే. ఆయన కోరుకున్నట్టే సాదా సమాధి, పేరు తప్ప ఇంకేం చెక్కలేదు. అక్కణ్ణుంచి మోంతీ పేట సందుల్లోకి దిగండి. గోడల మీద తీగలు, చిన్న చిన్న కొట్లు, మధ్యలో ఒక ఫౌంటెన్ చుట్టూ మెట్ల మీద కూర్చుని కబుర్లాడే కుర్రాళ్ళు. ఇది మీ కోసం. సందుల్లోంచి కిందికి దిగుతుంటే ఒక మలుపులో కొలోసియం ఒక్కసారిగా ఎదురవుతుంది, ఇది ఆయన కోసం. మెట్రో స్టేషన్ పైనున్న గట్టు మీద నిలబడి పైనుంచి చూడండి. టికెట్ లేదు, క్యూ లేదు. దాన్ని మొదటిసారి చూడడం ఇలాగే బాగుంటుందని నా నమ్మకం. ఏడున్నరకల్లా తినేసి, తొమ్మిదిన్నరకి పడుకోండి.

ఆదివారం: పొద్దున ఆరుకి ట్రెవీ, తొమ్మిదికి కొలోసియం. ట్రెవీ ఫౌంటెన్ దగ్గర మధ్యాహ్నం నిలబడితే నీళ్ళ కంటే తలలే ఎక్కువ కనిపిస్తాయి. ఈమధ్య పగటిపూట తొట్టి దాకా దిగడానికి పర్యాటకులకి 2 యూరోల టికెట్ కూడా పెట్టారు. అదే పొద్దున ఆరుకి వెళ్తే అంత పెద్ద గోడ మీంచి నీళ్ళు పడుతున్న చప్పుడు రెండు సందుల అవతల నుంచే వినిపిస్తుంది. ఫౌంటెన్ కట్టడం పూర్తయింది 1762లో. దానికి నీళ్ళు మోసుకొచ్చే కాలువ మాత్రం క్రీ.పూ. 19లో అగ్రిప్పా అనే రోమన్ సేనాని తవ్వించింది. అంత పాత కాలువ ఇప్పటికీ పని చేస్తోంది, ఆయనకి ఈ మాట చెప్పండి, మురిసిపోతారు. నాణెం వేసే ఆచారం మీకు తెలిసే ఉంటుంది, కుడిచేత్తో ఎడమ భుజం మీంచి వెనక్కి. ఆ నాణేలన్నీ ఏరి కారితాస్ అనే సేవాసంస్థకి ఇస్తారు, పేదల భోజనాలకి వెళ్తాయి కాబట్టి నిస్సంకోచంగా వేయండి. నీళ్ళలో కాలు పెట్టారో, జరిమానా పడుతుంది. స్పానిష్ స్టెప్స్ మీద కూర్చుంటే కూడా అంతే. 2019 నుంచి అక్కడ కూర్చోనివ్వడం లేదు, ఎక్కి దిగడమే.

ఏడింటికల్లా కాఫీ బార్లు తెరుచుకుంటాయి. కౌంటర్ దగ్గర నిలబడి కప్పుచీనో, కోర్నెత్తో (తియ్యటి బన్ను లాంటిది) తీసుకోండి. కూర్చుంటే అదే కాఫీకి ఎక్కువ పడుతుంది, పేరున్న చౌకుల్లో అయితే మరీ ఎక్కువ. ఆదివారం ఇంకో లాభం ఉంది. పియాజ్జా వెనెజియా నుంచి కొలోసియం దాకా ఉన్న పెద్ద రోడ్డు మీద ఆ రోజు బళ్ళు తిరగనివ్వరు. రోడ్డు మధ్యలో నడుచుకుంటూ, రెండు పక్కలా చక్రవర్తులు కట్టించిన ఫోరంలు, అంటే పాత రోమన్ల సభాచౌకాల శిథిలాలు చూసుకుంటూ వెళ్ళొచ్చు. మీరు దిగిన మర్నాడు నెలలో మొదటి ఆదివారమైతే మాత్రం ప్రభుత్వ మ్యూజియాలన్నీ ఉచితం, కొలోసియం దగ్గర జాతరలా ఉంటుంది. అలాంటప్పుడు ఆదివారం నడకకి ఉంచుకుని, సోమవారం వాటికన్, మంగళవారం కొలోసియం పెట్టుకోండి. బోర్గేసే ఈసారికి వదిలేయాల్సి వస్తుంది.

కొలోసియం టికెట్లు సందర్శన తేదీకి సరిగ్గా 30 రోజుల ముందు అధికారిక సైట్‌లో వదులుతారు. మామూలు టికెట్ 18 యూరోలు, అందులోనే ఫోరం, పలటైన్ కొండ కూడా వస్తాయి. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. మనవాళ్ళకి ఇక్కడే చిక్కు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బుక్ చేసేటప్పుడు అలవాటుగా ఇనిషియల్ కొట్టేస్తారు. గేటు దగ్గర పేరు, కాగితం పోల్చి చూస్తారు. సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు, గివెన్ నేమ్ గడిలో సొంత పేరు, అక్షరం పొల్లుపోకుండా కొట్టండి.

లోపలికి వెళ్ళే ముందు బయట ఒక్క ఐదు నిమిషాలు ఆగి రెండు చూడండి. ఒకటి, గోడ నిండా పిడికిలి పట్టేంత బొక్కలు. ఫిరంగి గుళ్ళ దెబ్బలా అని అందరూ అడుగుతారు. కావు. సున్నం లేకుండా రాయికీ రాయికీ మధ్య ఇనుప పట్టీలు బిగించి కట్టారు. మధ్యయుగాల్లో ఆ ఇనుము కోసం తవ్వి లాక్కుపోయారు. రెండోది, ఉత్తరం వైపు ఆర్చీల నెత్తిన చెక్కిన రోమన్ అంకెలు. అవి గేటు నంబర్లు, నేల మట్టంలో మొత్తం 80 ఆర్చీలు. చేతిలో ఉన్న బిళ్ళ మీది నంబరు చూసుకుని జనం అందులోంచి లోపలికి వెళ్ళేవారు. 23 నుంచి 54 దాకా ఇప్పటికీ కనిపిస్తాయి. క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి ప్రారంభించిన కట్టడం ఇది. ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క విరిగినట్టు ఎందుకుందంటే, 1349 భూకంపానికి దక్షిణం వైపు బయటి గోడ కూలింది. ఆ రాయి మోసుకెళ్ళి ఊళ్ళో భవంతులు కట్టుకున్నారు.

లోపల గంట, గంటన్నర చాలు. అసలు టైమ్ ఫోరంకి ఉంచండి. అక్కడే మీ ఇద్దరికీ చిన్న గొడవ వస్తుంది. ఆయన ప్రతి రాయి దగ్గరా ఆగుతారు. జూలియస్ సీజర్ శరీరాన్ని దహనం చేసిన చోట ఒక మట్టి దిబ్బ, దాని మీద రేకుల కప్పు ఉంటుంది. ఈనాటికీ ఎవరో ఒకరు అక్కడ పూలు పెట్టి వెళ్తుంటారు, ఆయన అక్కడే అరగంట నిలబడినా ఆశ్చర్యం లేదు. మీకు ఎండలో విసుగొస్తుంది, ఫోరంలో నీడ తక్కువ. అప్పుడు 'త్వరగా రండి' అని ఆయన్ని తొందరపెట్టొద్దు, మీరూ బలవంతంగా నిలబడొద్దు. పలటైన్ కొండ మీద గొడుగు పైన్ చెట్లు, తోటలు, బెంచీలు ఉన్నాయి. మీరు అక్కడికెళ్ళి కూర్చోండి, గంట తర్వాత ఆయన్ని అక్కడికే రమ్మనండి. జంటగా వచ్చాం కదా అని నిమిషం కూడా విడిగా ఉండకపోవడం వల్ల వచ్చే చిరాకులు నేను లాబీలో చాలా చూశాను. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక పెద్ద జంట ఈ విషయంలో నాకు బాగా నచ్చారు. ఆవిడ చర్చి బయట మెట్ల మీద కూర్చునేవారు, ఆయన లోపల తిరిగి వచ్చి చూసినవన్నీ ఆవిడకి చెప్పేవారు. రాత్రి నాకు కబుర్లు చెప్పేటప్పుడు ఇద్దరూ కలిసే చెప్పేవారు.

నీళ్ళ సీసా ఒకటి కొని దాన్నే నింపుకుంటూ తిరగండి. వీధుల్లో ఇనప గొట్టంలోంచి ఎప్పుడూ నీళ్ళు పారుతుండే కుళాయిలు కనిపిస్తాయి, నసోనీ అంటారు, ఊరు మొత్తం మీద రెండు వేలకి పైగా ఉన్నాయి. తాగే నీళ్ళే, చల్లగా ఉంటాయి. గొట్టం చివర వేలు పెట్టి మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు.

మధ్యాహ్నం హోటల్‌కి వచ్చి రెండు గంటలు పడుకోండి. ఇది సోమరితనం కాదు, దీని మీదే సాయంత్రం ఆధారపడి ఉంది. మేలో ఇక్కడ ఎనిమిది దాటాక గానీ పొద్దు గుంకదు. ఏడింటికి అవెంటైన్ కొండ మీది నారింజ తోటకి వెళ్తే నది అవతల సెయింట్ పీటర్స్ గుమ్మటం మీద ఎండ వాలడం చూడొచ్చు. అక్కణ్ణుంచి దిగి, నది దాటి ట్రస్తేవెరె పేటలో భోజనం.

సోమవారం: ఏడుకి చర్చి, పదికి మ్యూజియం. చాలామంది ముందు మ్యూజియం చూసి తర్వాత సెయింట్ పీటర్స్‌కి వస్తారు. అప్పటికి సెక్యూరిటీ క్యూ ఆ గుండ్రటి చౌకం చుట్టూ తిరిగి ఉంటుంది. మీరు తెల్లారే లేస్తారు కాబట్టి తిరగేయండి. చర్చి ఏడింటికి తెరుస్తారు, ప్రవేశం ఉచితం. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి. చుడీదార్, చీర ఏదైనా భేషుగ్గా సరిపోతుంది, ఆయన్ని షార్ట్స్ వేసుకోవద్దనండి. లోపలికి వెళ్ళగానే కుడివైపు గాజు వెనక మైకెలాంజెలో చెక్కిన పియెతా (ఏసు శవాన్ని ఒళ్ళో పెట్టుకున్న మరియ విగ్రహం) ఉంటుంది. 1972లో ఒకడు సుత్తితో కొట్టాక ఆ గాజు పెట్టారు. పొద్దున వెళ్తే దాని ముందు ఎవరూ తోసుకోకుండా నిలబడొచ్చు. గుమ్మటం ఎక్కడానికి 551 మెట్లు, లిఫ్ట్ తీసుకున్నా ఇంకా 320 మిగులుతాయి. పైభాగంలో గోడ ఒక పక్కకి వాలి ఉంటుంది, దారి ఇరుకు, మధ్యలో వెనక్కి రావడం కుదరదు. ఊపిరి ఇబ్బంది, ఇరుకంటే భయం ఉంటే వద్దు.

బయటికొచ్చాక చౌకంలో, మధ్య స్తంభానికీ ఫౌంటెన్‌కీ నడుమ నేల మీద ఒక గుండ్రటి రాతి బిళ్ళ వెతకండి. దాని మీద నిలబడి చుట్టూ ఉన్న స్తంభాల వంక చూస్తే, నాలుగు వరసలూ కలిసిపోయి ఒకే వరసలా కనిపిస్తాయి. ఒక్క అడుగు పక్కకి వేయండి, వెనక దాగిన స్తంభాలన్నీ బయటపడతాయి. ఈ చౌకం కట్టిన శిల్పి బెర్నీనీ వేసిన లెక్క అది. ముందు మీరు, తర్వాత ఆయన, విడివిడిగా నిలబడి చూడండి.

అక్కణ్ణుంచి గోడ పట్టుకుని నడిస్తే పావుగంటలో మ్యూజియం గేటు. టికెట్లు ముందే కొనండి. అధికారిక సైట్ చిరునామా చివర డాట్ వీఏ ఉంటుంది. అది కాకుండా వాటికన్ పేరు పెట్టుకుని రెండింతలు వసూలు చేసే సైట్లు బోలెడు. అసలు టికెట్ 20 యూరోలు, ఆన్‌లైన్ బుకింగ్‌కి ఇంకో 5. లోపల కిలోమీటర్ల కొద్దీ గదులు. అన్నీ చూడాలని పెట్టుకోకండి. మ్యాపుల గ్యాలరీ, రాఫెల్ గదులు, సిస్టీన్ చాపెల్, ఈ మూడూ నిదానంగా చూస్తే చాలు. సిస్టీన్‌లో ఫోటోలు తీయనివ్వరు, మాట్లాడనివ్వరు. గోడ పక్కన బల్ల ఖాళీ అయ్యేదాకా ఆగి, కూర్చుని తల పైకెత్తండి. పైకప్పు బొమ్మలు మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా వేశాడు. ఎదురుగోడ మీది తుది తీర్పు చిత్రం దాదాపు పాతికేళ్ళు గడిచాక, ముసలితనం మొదలయ్యాక వేశాడు. అందులో ఒక సాధువు చేతిలో ఒలిచిన మనిషి చర్మం వేలాడుతుంటుంది. ఆ చర్మం మీది ముఖం మైకెలాంజెలోదే అంటారు.

మళ్ళీ నిద్ర. సాయంత్రం పాంథియన్ అనే పాత రోమన్ గుడి, 2023 నుంచి 5 యూరోల టికెట్ ఉంది, ఏడింటికి మూసేస్తారు. గుమ్మటం అడ్డుకొలతా, నేల నుంచి దాని ఎత్తూ ఒకటే, 43 మీటర్ల పైచిలుకు. నడినెత్తిన తెరిచే ఉన్న రంధ్రం. వాన పడితే నీళ్ళు లోపలే పడతాయి, నేల మీద చిన్న చిన్న కన్నాల్లోంచి పోతాయి. ఇనుప కడ్డీలు లేని కాంక్రీట్ గుమ్మటాల్లో ప్రపంచంలో ఇంతకంటే పెద్దది ఈనాటికీ లేదు. అక్కణ్ణుంచి ఐదు నిమిషాల్లో పియాజ్జా నవోనా. మధ్యలో బెర్నీనీ నాలుగు నదుల ఫౌంటెన్, 1651 నాటిది. నాలుగు ఖండాలకి నాలుగు నదులు: నైలు, డాన్యూబ్, లా ప్లాటా, ఆసియాకి మన గంగ. మనం తల్లిగా కొలిచే గంగని వీళ్ళు చేతిలో తెడ్డు పట్టుకున్న గడ్డపాయనగా చెక్కారు. గంగలో పడవలు సాగుతాయని వీళ్ళకి తెలుసు, అందుకే తెడ్డు. నేను చూపించేదాకా అది గంగ అని మనవాళ్ళు గుర్తుపట్టరు. తెలిశాక ఆ బొమ్మ దగ్గరే ఫోటో దిగుతారు. ముందు తెడ్డు వెతకండి, గంగ దొరుకుతుంది.

తిండి సంగతి. శాకాహారికి రోమ్ కష్టం కాదు, కాకపోతే పేర్లు తెలిసుండాలి. కార్బొనారా, అమత్రిచానా, గ్రీచా అనే పాస్తాలు మూడింట్లోనూ పంది మాంసం ఉంటుంది. మీకు హాయిగా కుదిరేది పెన్నె అర్రబ్బియాతా, టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చితో చేస్తారు. కారం ఇంకా కావాలంటే 'పెపెరోంచీనో' అని అడగండి, తెచ్చిస్తారు. పైన చీజ్ వద్దంటే ముందే చెప్పాలి. పెకొరీనో, పార్మిజానో లాంటి చీజ్‌లలో పాలు విరగడానికి జంతువుల పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు. ఆ పట్టింపు ఉంటే కాచో ఎ పెపె (చీజ్, మిరియాల పాస్తా) కూడా కుదరదు. పిజ్జాల్లో మరినారా అడగండి, దాంట్లో చీజ్ ఉండదు. సుప్లీ అనే అన్నం బోండాల్లో మామూలుగా మాంసం సాస్ కలుపుతారు, అడక్కుండా తినొద్దు. 'సోనో వెజెటారియానా, సెన్సా కార్నే, సెన్సా పెషే' అంటే నేను శాకాహారిని, మాంసం వద్దు, చేప వద్దు అని. చేప విడిగా చెప్పకపోతే పిజ్జా మీద చిన్న చేపముక్కలు వచ్చే ప్రమాదం ఉంది. అన్నం మీదికి మనసు పోతే పియాజ్జా విత్తోరియో చుట్టుపక్కల బంగ్లాదేశ్ వాళ్ళ కొట్లు, మన తరహా హోటళ్ళు ఉన్నాయి, మీ హోటల్ నుంచి నడిచే దూరం. ఆవకాయ తెచ్చుకోవచ్చు, చెకిన్ బ్యాగ్‌లో గట్టిగా ప్యాక్ చేసి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. పాలతో, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు.

జేబుదొంగలు. ఊరు ప్రమాదకరం కాదు, రాత్రి పదింటికి కూడా జంటలు హాయిగా తిరుగుతాయి. కానీ టెర్మినీలో మెట్రో ఎక్కేటప్పుడు, మెట్రో 'A' లైన్‌లో స్పాన్యా స్టేషన్ దాకా, 64 నంబర్ బస్సులో జాగ్రత్త. తలుపు మూసుకునే క్షణంలో ఒకరు అడ్డం పడతారు, ఇంకొకరు జిప్ తీస్తారు. బ్యాక్‌ప్యాక్ ముందుకి వేసుకోండి. పాస్‌పోర్టులు హోటల్ లాకర్‌లో, కొలోసియం రోజు మాత్రం లోపలి జేబులో. చేతికి గులాబీ ఇచ్చేవాళ్ళు, మణికట్టుకి దారం కట్టేవాళ్ళు, గ్లాడియేటర్ వేషంలో ఫోటో రమ్మనేవాళ్ళు, అందరూ తర్వాత డబ్బులు అడుగుతారు. చెయ్యి వెనక్కి తీసుకుని నడిచిపోండి, మర్యాద తక్కువేం కాదు. మెట్రోకీ బస్సుకీ విడిగా టికెట్ కొనక్కర్లేదు, బ్యాంక్ కార్డు తాకిస్తే ఒకటిన్నర యూరో తీసుకుంటుంది, 100 నిమిషాలు చెల్లుతుంది. ఇద్దరూ ఒకే కార్డు తాకించకండి, ఎవరి కార్డు వాళ్ళది.

మంగళవారం గది ఖాళీ చేసి సామాను మా లాంటి రిసెప్షన్‌లో వదిలేస్తే సాయంత్రం దాకా ఉంచుతారు, దాదాపు అన్ని హోటళ్ళలోనూ ఈ సౌకర్యం ఉంది. బోర్గేసేకి తొమ్మిదింటి స్లాట్ తీసుకోండి. రెండు గంటలకి ఇంతమందే అని లోపలికి పంపుతారు, ముందే బుక్ చేయకపోతే దొరకదు. బ్యాగులు కింద అప్పజెప్పాలి. బెర్నీనీ చెక్కిన అపోలో, డాఫ్నే దగ్గర ఇద్దరూ కలిసి ఆగండి. పరిగెడుతున్న అమ్మాయి వేళ్ళు ఆకులవుతుంటాయి, వెనక్కి వెళ్ళి చూస్తే ఆ పాలరాతి ఆకుల్లోంచి వెలుతురు కనిపించేంత పల్చగా ఉంటాయి. బయట పెద్ద పార్కు. మధ్యాహ్నం అక్కడే తిని, నాలుగైదు గంటల ప్రాంతంలో ఫ్లోరెన్స్ రైలు ఎక్కండి. హైస్పీడ్ రైలు గంటన్నరలో చేరుస్తుంది, ముందు బుక్ చేస్తే చవక. దిగాల్సిన స్టేషన్ శాంతా మరియా నొవెల్లా, టికెట్ కొనేటప్పుడే ఆ పేరు చూసుకోండి. ఫ్లోరెన్స్ పేరుతో వేరే స్టేషన్లు ఉన్నాయి, అక్కడ దిగితే సామాను లాక్కుంటూ ఊళ్ళోకి రావాలి. టెర్మినీలో ప్లాట్‌ఫాం మీదికి వెళ్ళే ముందు గేట్ల దగ్గర టికెట్ చూపించాలి, అరగంట ముందు ఉంటే టెన్షన్ ఉండదు. మీ తేదీలు, విమానం టైమ్ ఖాయమయ్యాక ఇక్కడే కింద రాయండి, ఏ రోజు ఏ సెలవు పడుతుందో చూసి చెప్తాను.